మార్తిన్ పేరు తీసేయడానికి మిర్యాలగూడ దాకా

ఈ పని ఫోన్‌లోనే అయిపోవాల్సింది. జంతువుల ఒళ్లు క్రిములను చంపడానికి తనంతట తానే కొన్ని పెప్టైడ్లను, అంటే చిన్న ప్రోటీన్ ముక్కలను తయారు చేసుకుంటుంది. వాటిని కుటుంబాలుగా విడదీసి పేర్లు ఖాయం చేసే ఒక చిన్న బృందంలో నేను పనిచేస్తున్నాను. కోదాడలో లెక్చరర్‌గా ఉన్న స్వరూప బాతు పేగులో ఒక పెప్టైడును గుర్తించి, దానికి 'మార్తిన్' అని పేరు పెట్టి మాకు పంపింది. అది కొత్త కుటుంబం కాదు, ఆ పేరు కుదరదు అని చెప్పాను.

"ఒకసారి రాగలరా సార్? మా నాన్నకు మీరే చెప్పాలి" అంది స్వరూప.

పొద్దున్నే హైదరాబాద్‌లో విజయవాడ బస్సెక్కాను. సూర్యాపేట బస్టాండులో ఇడ్లీ తినేంత సేపు ఆగింది. అక్కడ ఎక్కిన ఒక గొర్రెల కాపరి నా పక్కన కూర్చున్నాడు.

"ఏడికి సారూ?"

"కోదాడకు. బాతుల పని."

"కోదాడల ఏడున్నయి బాతులు? నేరేడుచర్ల దిక్కు పోవాలె. కోతలైనంక పొలాలల్ల దింపుతరు."

పది దాటాక కోదాడలో దిగాను. స్వరూప స్కూటీ మీద వచ్చి కాలేజీకి తీసుకెళ్లింది. ల్యాబ్ అంటే ఒక గది, రెండు ఫ్రిజ్‌లు, ఒక కంప్యూటర్. కోడిలో ఇదివరకే దొరికిన డిఫెన్సిన్ అనే పెప్టైడును పైన, ఆమె బాతుదాన్ని కింద పెట్టి చూశాం. ఈ కుటుంబానికి గుర్తు, వరసలో ఆరు చోట్ల వచ్చే సిస్టీన్ అనే అమైనో ఆమ్లం. రెండింట్లోనూ ఆ ఆరూ అవే చోట్ల ఉన్నాయి. మిగతా వరసలో తేడా కొద్దిగానే ఉంది.

"ఇది డిఫెన్సినే సార్. నాకు ముందే అనుమానం వచ్చింది" అంది.

"మరి ఈ పేరెందుకు పెట్టారు?"

"మా అమ్మ పేరు మార్తమ్మ."

వరి కోతలో కొడవలి తగిలి మార్తమ్మ కాలికి గాయమైందట. పుండు చీము పట్టింది. దవాఖానలో మందులు మార్చి మార్చి ఇచ్చారు, ఏదీ పనిచేయక చనిపోయింది.

"పేరు పెట్టానని చెప్తే, అమ్మ పేరుతో మందొస్తోందని నాన్న చర్చిలో అందరికీ చెప్పుకున్నాడు సార్. మందు అని నేననలేదు. కాదని కూడా అనలేకపోయాను."

క్యాంటీన్లో భోంచేసి ఇద్దరం హుజూర్‌నగర్ మీదుగా, వాళ్ల నాన్న ఉండే మిర్యాలగూడ వెళ్లే బస్సెక్కాం. నేరేడుచర్ల దాటాక కోసిన మళ్లలో బాతుల మంద కనిపించింది. స్వరూప అటు చూసి మొహం తిప్పుకుంది. మిర్యాలగూడ ఇంకా రాకముందే ఉడికించిన వడ్ల వాసన బస్సులోకి వచ్చింది.

ఆమె తండ్రి ఏసోబు రైస్ మిల్లులో హమాలీగా చేసి మానేశాడు. నాకు కుర్చీ వేసి తాను మంచం మీద కూర్చున్నాడు. సంగతి చెప్పాను.

"అయితే కొత్తది కాదా?"

"బాతులో దొరకడం కొత్తే. కానీ కోడిలో దాని తోబుట్టువు ముందే దొరికింది. రెండింటికీ ఒకే ఇంటిపేరు పెట్టాలి."

"ఇంటిపేరు సరే. సొంత పేరు?"

"నంబరుంటుంది."

"నంబరా?" కూతురి వైపు చూశాడు. "నా బిడ్డ పెట్టిన పేరు తీసి నంబర్ పెడ్తరా?"

"ఎవరికి తోచిన పేరు వాళ్లు పెడితే ఒక్కదానికే నాలుగు పేర్లవుతాయి. రేపు మందు చేయబోయేవాళ్లు తికమక పడతారు."



"పాస్టర్ గారికి ఏం చెప్పాలె ఇగ?"

"నేను చెప్త నాయినా. ఆదివారం వస్త" అంది స్వరూప.

"వద్దు. నా నోటితోని చెప్పిన. నేనే చెప్పుకుంట."

టీ ఇచ్చాడు. మేం లేచినప్పుడు గుమ్మం దాకా రాలేదు. రైల్వే స్టేషన్లో నన్ను సాగనంపుతూ స్వరూప, "మీరు రాకుంటే ఇంకో ఏడాదైనా చెప్పేదాన్ని కాదు" అంది.

సాయంత్రం సికింద్రాబాద్ రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. ఇలాంటి పేర్లు ఇదివరకు చాలానే తీసేశాను. ఎవరింటికీ వెళ్లలేదు. నియమం సరైనదే, రేపైనా అలాగే చేస్తాను. వెళ్లి చెప్పడం మంచిదైందని మాత్రం అనిపించింది.

ఎదురు సీటు పెద్దాయన పలకరించాడు. "మిర్యాలగూడల ఏం పని పడ్డది సారూ?"

"ఒక పేరు తీసేయాల్సి వచ్చింది."

"రేషన్ కార్డులనా? సచ్చిపోయినోళ్లదా?"

"చనిపోయినామెదే."

"మీ సుట్టాలా?"

"కాదు. మార్తమ్మ అని, ఆ ఊరామె" అన్నాను.