పద్నాలుగు మందికి ఒకటే నంబరు

కంటి ఆసుపత్రి రెండో అంతస్తులో కిటికీ పక్క కూర్చునే ఆవిడను అందరూ పట్టికలక్క అంటారు. నలభై ఆరేళ్లు, ఒంటికాయ సొంటికొమ్ము. కంప్యూటరు ముందు కూర్చుందంటే పక్కన పిడుగు పడినా పలకదు. తెర లోపల ఆవిడ పట్టికలతో గదులు కడుతుంటుంది మరి! ఒక గదిలో మనుషులు, ఇంకో గదిలో ఫోన్ నంబర్లు. ఎవరు ఏ నంబరులో దొరుకుతారో చెప్పే మూడో పట్టిక ఆ రెంటి మధ్య వసారా. మధ్యాహ్నం ఎండ కీబోర్డు మీద వాలితే, ఆ గదుల్లో మనుషులు మెల్లగా తిరుగుతున్నట్టే ఉంటుంది ఆవిడకు. ఉద్యోగుల గదిలో తనూ ఉంది. 'అవసరమైతే ఎవరికి చెప్పాలి' అన్న గడి మాత్రం ఎనిమిదేళ్లుగా ఖాళీ.

పాత పట్టికలో మనిషికొక్క నంబరే. దాన్ని కొత్త గదుల్లోకి మారుస్తుంటే పద్నాలుగు మంది రోగుల పక్కన ఒకటే నంబరు తేలింది.

"ఎవరో నిద్రమత్తులో కొట్టుంటారు. ఒకరికి ఉంచి మిగతావి తీసెయ్యక్కా, సాయంత్రానికి అయిపోవాలి" అన్నాడు మేనేజరు. మంచివాడే, తొందరే ఎక్కువ.

తీసేయడం ఎంతసేపు! కానీ వాళ్లలో ఒక ముసలాయన ఆపరేషను ఎల్లుండికి మారింది. కబురందకపోతే మళ్లీ ఆరు నెలలకు గానీ వంతు రాదు. ఆవిడ వెంటనే ఆ నంబరుకు ఫోన్ చేసి సంగతి చెప్పింది.

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"నంబరు నాదేనమ్మా" అంది ఒక పెద్దావిడ. "మా వీధి ముసలాళ్లకు ఫోన్లు లేవు, ఉన్నా వినపడి చావదు. అందరూ నాదే ఇచ్చారు. నేను కుట్టుకుంటూ కేకేస్తా. బాబాయ్! ఎల్లుండేనంట నీ కన్ను!"

"వింటున్నా, వింటున్నా" అని దూరం నుంచి వినిపించింది.

పట్టికలక్కకు ప్రాణం లేచొచ్చింది. ఒక్క వరుస కూడా తీయలేదు. పైగా మధ్య పట్టికలో 'ఏమవుతారు' అని కొత్త గడి కట్టి, ఒక్కొక్కరినీ అడుగుతూ నింపింది. బాబాయ్, అత్త, పెద్దన్న, ఇంకో అత్త... రక్తసంబంధం ఒక్కటీ లేదు.

"ఇంత ఓపిగ్గా అడుగుతున్నావు, మరి నీ పేరు పక్కన ఎవరి నంబరుందమ్మా?"

"నాకెవరూ లేరండీ." ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"అదేం మాట! నాది రాసుకో. పద్నాలుగు మంది కోసం అరిచే నోరు, పదిహేనో మనిషి కోసం అరిస్తే నొప్పెడుతుందా?"

కళ్ల ముందు తెర మసకబారింది. తుడుచుకుని తన గడిలో ఆ నంబరు కొట్టింది.

"మరి... మీరు నాకేమవుతారని రాయాలి?"

"పెద్దమ్మ అని రాయి" అని, ఆవిడ మళ్లీ మిషను తొక్కింది.