చెల్లి గాజులో పట్టని సీతాకోకచిలుక

ఈ ఉదయం మా మేడమీద, పిట్టగోడ పగుల్లో మొలిచిన జిల్లేడుపై ఒక సీతాకోకచిలుక వాలింది. మండే నారింజ రంగు. రెక్కల కొసలు నలుపు, ఆ నలుపులో తెల్లటి మచ్చలు. నా చిన్నప్పుడు పాతబస్తీ గోడల మీద ఇవి ఎన్ని ఉండేవో!

నాకు తొమ్మిదేళ్లప్పుడు చెల్లి జ్వరంతో మంచం దిగలేకపోయేది. ఒకరోజు ఇలాంటిదే ఒకటి వాకిట్లో గోడ మీద వాలితే, అక్కడే ఉన్న నాకు కిటికీలోంచి తన లక్కగాజు అందించింది. లాడ్ బజార్‌లో నాన్న కొన్నది.

"అక్కా, గా సీతాకోకచిలుక నా గాజుల పడ్తదా? చూసి చెప్పు."

"గింతుంటది అని చేత్తోని చూపిస్తే చాలదా?"

"నువ్వు మస్తు అబద్ధాలు చెప్తవ్. కొలువు."

దాన్ని పట్టుకుని, రెక్కలు విప్పి గాజుకు అదిమి కొలిచాను. రెండు వైపులా రెక్కలు గాజు దాటి బయటికే ఉన్నాయి. వదిలితే నేలమీద పడిపోయింది. నా వేళ్లకు నారింజ పొడి అంటుకుంది.

"పట్టలేదే. నీ గాజు కంటే పెద్దగుంది."

"అబ్బో! ఎగిరిపోయిందా?"

"ఎగిరిపోయింది," అన్నాను, చేతులు వెనక దాచుకుని.

"మంచిగైనంక నేనే చూస్తా తీ. మల్లొస్తది గదా."

ఆ వారమే చెల్లి పోయింది. అది ఎగరలేదని అమ్మకు కూడా ఇప్పటిదాకా చెప్పలేకపోయాను.