రొటేషన్ బాబాయి తలుపు ఎందుకు మూశాడు?

తిరిగేది ఏదైనా సరే, రొటేషన్ బాబాయి దాన్ని నమ్మడు. ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేయడం ఆయన పని. "రొటేషన్‌లో తేడా ఉంది" అనడం ఆయన ఊపిరి. డాక్టరు తన గుండె పరీక్షిస్తుంటే, "నాది తర్వాత, ముందు మీ నెత్తిమీది ఫ్యాను సంగతి చూడండి, కుంటుతోంది" అన్నాడు. ఎదురింటావిడ తల తిరుగుతోందంటే, "కుడికా, ఎడమకా?" అని అడిగాడు.

కింది వాటా అక్కయ్య నమ్మనిది మాత్రం ఈ బాబాయినే. ఆరా తీయందే ముద్ద దిగని మనిషి ఆవిడ. రెండు వారాలుగా ఆయన రోజూ పదింటికి మేడ మీద కుట్టుపని వదిన గదికి వెళ్తున్నాడు. చేతిలో పనిముట్లుండవు. దిగేటప్పుడు చొక్కా చెమటతో తడిసిపోతుంది.

"ఒక్క కుట్టుమిషన్‌కి ఇన్నాళ్ల రిపేరా?"

"మొండి రొటేషన్ అక్కయ్యా, ఓ పట్టాన లొంగదు."

"తలుపెందుకు మూస్తావు?"

"గాలి తగలకూడదు."

"ఫ్యాన్లవాడు గాలికి భయపడతాడటయ్యా?"

ఆయన గబగబా మెట్లెక్కేశాడు. అక్కయ్య అనుమానం రెట్టింపైంది.

మర్నాడు యూనిఫారాలు కుట్టించుకునే షాపాయన వచ్చాడు. "మీ మేడ మీదావిడకి కాలు పడిపోయిందటగా? నిజమైతే పని వేరేవాళ్లకిస్తాను. ఓసారి చూడాలి."

"ఉండండి, నేను చూసొస్తా." ఇంత మంచి సాకు దొరికాక అక్కయ్య ఆగుతుందా? రెండేసి మెట్లెక్కి తలుపు తోసింది.

వదిన మోకాలికి కట్టుతో, కాలు స్టూలు మీద చాపుకుని, బట్ట సూది కిందికి జరుపుతోంది. బాబాయి మిషన్ కింద నేల మీద కూర్చుని, తొక్కుడు పలకను రెండు చేతులతో ఆడిస్తున్నాడు.

"జారిపడ్డానక్కయ్యా. నెల్లాళ్లు కాలు కదపొద్దన్నారు," అంది వదిన మెల్లగా. "ఈ పని పోతే మళ్లీ దొరకదు. సాయం వద్దంటే ఈయన వినడు. మిషన్‌లోనే తేడా ఉందట, నెల్లాళ్లు చేత్తో తిప్పి చూడాలట."

"తేడా ఉంది మరి," అన్నాడు బాబాయి, తల ఎత్తకుండా.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. అక్కయ్య గబుక్కున బయటికొచ్చి తలుపు మూసి, దానికి అడ్డంగా నిలబడింది.

"కుట్టు ఎప్పుడైనా ఊడిందా?"

"లేదు," అన్నాడు షాపాయన.

"గడువు తప్పిందా?"

"లేదనుకోండి, కానీ..."

"మరి ఒకరి గదిలోకి తొంగిచూడడం ఏం అలవాటండీ? నాకసలు గిట్టదు."

కుట్టడానికి తెచ్చిన కొత్త బట్టల మూటను షాపాయన ఆవిడ చేతిలోనే పెట్టి దిగిపోయాడు. అక్కయ్య లోపలికెళ్లి నడుం బిగించి, బాబాయి పక్కన చతికిలబడింది.

"జరుగు. కాసేపు నేను తిప్పుతాను."