లారీ మీది టవరు

కృష్ణా పుష్కరాలకు ముందు ఏడాది నన్ను ఒక మొబైల్ కంపెనీ విజయవాడ ఆఫీసులో నోడల్ ఆఫీసరుగా వేశారు. అప్పటిదాకా నేను నెట్‌వర్క్ విభాగంలో సీనియర్ మేనేజర్ని. పోలీసులకూ కంపెనీకీ మధ్య ఉండే ఒకే ఒక్క తలుపు నోడల్ ఆఫీసరు. ఎస్పీ స్థాయి అధికారి రాతపూర్వకంగా అడిగితే ఆ నంబరు కాల్ రికార్డు తీసివ్వాలి. అందులో మాటలేమీ ఉండవు. ఎవరు ఎవరికి ఫోన్ చేశారు, ఎంతసేపు, ఏ టవరు కింద నుంచి, అంతే. దానికి సాక్ష్య చట్టంలోని అరవై అయిదు బీ సెక్షను కింద ఒక సర్టిఫికెట్ జత చేసి సంతకం పెట్టాలి. ఈ కాగితం మా కంప్యూటరు సవ్యంగా పనిచేస్తుండగా వచ్చింది, ఇందులో మార్పుచేర్పులు లేవు అని దాని సారాంశం. అది లేనిదే కోర్టు ఆ రికార్డును లెక్కలోకి తీసుకోదు.

నా గదిలోకి నేను తప్ప ఎవరూ రాకూడదు. చూసినది ఎవరితోనూ చెప్పకూడదు. మొదట్లో క్యాంటీన్‌లో, "మా ఫోన్లు కూడా చూస్తున్నారా మేడం?" అని ఆటపట్టించేవారు. పోనుపోను నేను వెళ్లగానే మాటలు ఆగిపోవడం మొదలైంది. నేను క్యారేజీ గదిలోనే తినడం అలవాటు చేసుకున్నాను. పెళ్లి చేసుకోలేదు. భవానీపురంలో ఏటి ఒడ్డున రెండు గదుల ఫ్లాటు. ఆదివారం చర్చిలో నలుగురికి వందనాలు చెప్పడం తప్ప వారంలో నోరు తెరిచే పని ఉండేది కాదు. నాకు ఒంటరితనం బాధ లేదని అప్పట్లో అందరికీ చెప్పేదాన్ని. అది అబద్ధం.

పుష్కరాలు అయిన మరుసటి ఏడాది ఒక దోపిడీ కేసులో సాక్షిగా సమన్లు వచ్చాయి. పుష్కరాల రోజుల్లోనే కంకిపాడులో పట్టపగలు ఒక ముసలావిడను కొట్టి నగలు తీసుకుపోయారు. ముద్దాయి షేక్ బాజీ, అదే ఊళ్లో టెంట్ హౌస్‌లో కూలీ. అంతకు ముందు ఆ ముసలావిడ ఇంట్లో పెళ్లికి పందిరి వేసినవాడు కాబట్టి అనుమానం అతని మీదకు పోయింది. ఆ రోజు తాను విజయవాడ ఘాట్‌లో షామియానాలు కడుతున్నానని అతను మొత్తుకున్నాడు. నేను సంతకం పెట్టి ఇచ్చిన రికార్డు మాత్రం ఆ మధ్యాహ్నం అతని ఫోన్ కంకిపాడు టవరు కింద ఉందని చెప్పింది. ఆ కాగితంతోనే అతను పది నెలలుగా జైల్లో ఉన్నాడు.

కోర్టు వరండాలో బల్ల మీద కూర్చున్నాను. సాక్షి ఎవరితోనూ మాట్లాడకూడదు, సాక్షితో మాట్లాడాలని ఎవరికీ ఉండదు. అవతలి చివర కూర్చున్నావిడ నా మెళ్లో వేలాడే కంపెనీ కార్డు చూసి దగ్గరకు జరిగింది.

"మీరు ఆ ఫోన్ల కంపెనీవారా అండీ? నేను బాజీ భార్యనండి, మస్తాన్‌బీ. ఆ పన్నెండు రోజులూ మా ఆయన మీ లారీ నీడనే కూర్చుని నాతో ఫోన్లో మాట్లాడేవాడండి. పైన కంబం ఉంటదే, ఆ లారీ. భవానీపురం వైపు ఘాట్‌లో."

ఆ లారీ నాకు తెలుసు. పుష్కరాల జనానికి సిగ్నలు చాలదని మేము లారీల మీద టవర్లు కట్టి ఘాట్లలో నిలబెట్టాం. ఒకటి సరిగ్గా మా ఫ్లాటు కింద. దాని జనరేటరు మోతకు అపార్టుమెంటంతా తిట్టుకుంది. నాకు మాత్రం ఆ మోత ఇంట్లో ఎవరో ఉన్నట్టుండేది. లారీ వెళ్లిపోయిన రోజు వెలితిగా అనిపించింది కూడా. అది ఎక్కడికి వెళ్లిందో మాత్రం అడగలేదు.

ఆవిడకు జవాబు చెప్పడానికి వీల్లేదు. ఆ రోజు ప్రాసిక్యూటరు రాక కేసు రెండు వారాలు వాయిదా పడింది.

ఆఫీసుకు వెళ్లి పాత మెయిళ్లు తవ్వాను. పుష్కరాలు ముగిశాక ఆ లారీని కంకిపాడులో పెట్టారు. టవరు నంబరు అదే. కంపెనీ టవర్ల పట్టికలో మాత్రం పాత చిరునామా కొట్టేసి కొత్తది ఎక్కించారు. పోలీసులు రికార్డు అడిగినది ఆ తరవాత. కంప్యూటరు ఆనాటి కాల్‌కు ఈనాటి చిరునామా తగిలించి ఇచ్చింది. నెట్‌వర్క్‌లో ఇరవై ఏళ్లు పనిచేసినదాన్ని, లారీ టవర్ల నంబర్ల వరస వేరని తెలిసినదాన్ని, చూడకుండా సంతకం పెట్టాను.

మా లీగల్ మేనేజరు సౌమ్యుడు. అంతా విని, "కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ మేడం? వాళ్ల లాయరే అడగట్లేదు. మీ సర్టిఫికెట్ అబద్ధం కాదు కదా, కంప్యూటర్లో ఉన్నదే ఇచ్చారు," అన్నారు. ఇలాంటి కాగితాలు ఇంకెన్ని బయటికి పోయాయోనన్నది ఆయన భయం. చట్టం ప్రకారం ఆయన మాటలో తప్పు లేదు. ఆ రెండు వారాలు ఈ సంగతి మాట్లాడుకోవడానికి నాకు ఒక్క మనిషి కూడా లేరు. చర్చిలో పాస్టరమ్మగారు ఒంట్లో బాగాలేదా అని అడిగితే, బాగానే ఉందండీ అన్నాను.

వాయిదా రోజు బోనెక్కాను. సంతకం మీదేనా అని ప్రాసిక్యూటరు అడిగారు. నాదే అన్నాను. ఆయన కూర్చోబోతుంటే, ఇందులోని చిరునామా గురించి ఒక మాట చెప్పాలని జడ్జిగారిని కోరాను. అనుమతించారు. లారీని తరలించిన ఉత్తర్వు చూపించి, ఆ మధ్యాహ్నం ఈ టవరు భవానీపురం ఘాట్‌లో ఉందని, చూడకుండా సంతకం చేయడం నా తప్పని చెప్పాను. జడ్జిగారు ఆ వాక్యాన్ని నా చేత రెండుసార్లు చెప్పించి రాయించారు. బాజీ తల ఎత్తలేదు.

తరవాత అతన్ని నిర్దోషిగా విడిచిపెట్టారు. తీర్పు రోజు నన్నెవరూ పిలవలేదు, నేనే వెళ్లాను. వరండాలో మస్తాన్‌బీ ఎదురైంది. కృతజ్ఞతలు చెబుతుందేమోనని ఆశపడ్డానని ఒప్పుకోవాలి.

"పెళ్లి షామియానా కట్టినా, చావు షామియానా కట్టినా మా ఆయన ప్రతి ముడీ లాగి చూస్తాడండి," అంది ఆవిడ. "మీరు సంతకం పెట్టేటప్పుడు ఒక్కసారి చూసుకోలేదా అండీ?"

లేదన్నాను. ఆవిడ తల ఊపి, భర్త వెనకే మెట్లు దిగి వెళ్లిపోయింది.

కంపెనీ నన్నేమీ అనలేదు. పలకరింపులు ఇంకాస్త తగ్గాయి, అంతే. రిటైరయ్యేదాకా అదే గదిలో, ప్రతి టవరూ ఘటన జరిగిన రోజున ఎక్కడుందో పాత ఉత్తర్వుల్లో వెతికి, ఆ చిరునామా సర్టిఫికెట్ కింద నా చేత్తో రాసి, ఆ తరవాతే సంతకం పెట్టాను. ఒక్కో కాగితానికి అరపూట పట్టేది. చట్టం అడిగేది కంప్యూటరు సవ్యంగా పనిచేసిందా అని. నేను సవ్యంగా పనిచేశానా అని అడిగే సెక్షను ఏదీ లేదు. అది నన్ను నేనే అడగాలని ఆ కేసులో తెలిసింది, అప్పటికి ఒక మనిషికి పది నెలలు పోయాయి.