మాస్టర్ బెల్టు కట్టుకునేదాకా

మొన్న ఆదివారం మా ఆవిడ వంటింటి పై అరలోంచి ఒక స్టీలు డబ్బా దించింది. మా అమ్మాయి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. దానికి పండుమిరప తొక్కు పంపాలని, సరిపడే డబ్బా కోసం వంటిల్లంతా వెతికి, చివరికి పాత గిన్నెల వెనక ఉన్న దీన్ని పట్టుకుంది. మూత మీద అమ్మాయి పేరు కొట్టించి ఉంది. పేరైతే అదే కానీ, అందులో ఒక్క అక్షరమూ నిలకడగా నిలబడదు. మొదటిది పైకి పోతుంది, రెండోది దాని మీద పడబోయి ఆగుతుంది, చివరి అక్షరం గీత మూత అంచుదాకా జారిపోయింది. ఆ పూట ఇంటికి వచ్చిన మా మరదలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరు కొట్టిండ్రు బావా గిది? చిన్నపిల్లలు మేకుతోని గీకినట్టున్నది. హాస్టల్ల నలుగురి ముందట ఏం పెట్టుకుంటది, వేరేది కొనుండ్రి" అంది. మా ఆవిడ నా వైపు చూసింది, నేను డబ్బా వైపు చూశాను. ఆ పేరు కొట్టిన మనిషిది ఒకప్పుడు బేగంబజార్‌లో అందరూ మెచ్చుకున్న చెయ్యి అంటే మరదలు నమ్మదు. టీ తాగమని మాట మార్చాను.

ఆయన్ని పిల్లలూ పెద్దలూ అందరం మాస్టర్ అనే పిలిచేవాళ్లం. పగలంతా బేగంబజార్‌లో ఒక స్టీలు సామాన్ల దుకాణం మెట్ల పక్కన స్టూలు వేసుకుని, జనం కొన్న గిన్నెల మీద పేర్లు కొట్టేవాడు. మన ఇళ్లలో ఈ పిచ్చి ఒకటి ఉంది కదా. చెంచా దగ్గర్నుంచి గంగాళం దాకా పేరు లేని సామాను ఉండకూడదు. ఎవరిచ్చారో, ఎవరి పెళ్లికిచ్చారో గిన్నే చెప్పాలి. పక్కింటికి కూర పంపితే ఆ గిన్నె మళ్లీ మన గడప తొక్కాలన్నా దాని మీద పేరే దిక్కు. మాస్టర్ ఒళ్లో గిన్నె పెట్టుకుని, జుయ్యిమనే చిన్న మిషన్ చేతబట్టి, తెలుగైనా ఉర్దూ అయినా హిందీ అయినా ముందు గీతలు గీసుకోకుండా సూటిగా కొట్టేసేవాడు. పొద్దున్నే మాత్రం కార్వాన్‌లోని ఇంటి నుంచి స్కూటర్ మీద ఉప్పుగూడ వచ్చి, మా వీధి చివర బడి మేడ మీది హాల్లో కరాటే నేర్పేవాడు. వాళ్ల నాన్న తాలీంలో మట్టి పూసుకుని కుస్తీ పట్టిన పహిల్వాన్ అట. కొడుకు మట్టి వదిలేసి తెల్ల బట్టలు తొడిగాడని ఆ పెద్దాయన చాలాకాలం మాట్లాడలేదని మాస్టరే నవ్వుతూ చెప్పేవాడు.

బడి గేటుకు ఒక ఫ్లెక్సీ కట్టి ఉండేది. పిల్లలకు ఏకాగ్రత, పెద్దలకు ఆరోగ్యం, ఆడవాళ్లకు ఆత్మరక్షణ, అందరికీ క్రమశిక్షణ. ఇన్ని లాభాలు ఒకేచోట రాసి ఉంటే నాకు బస్టాండులో సర్వరోగ నివారిణి అమ్మేవాళ్లు గుర్తొస్తారు. అందుకే నేను నమ్మలేదు. కానీ అప్పట్లో మా అమ్మాయికి పదేళ్లు, వీధి మలుపులో ఉన్న కిరాణా కొట్టుకు ఒక్కతే పోవాలంటే వణికేది. ఎవరైనా కాస్త గొంతు పెంచితే వాళ్లమ్మ కొంగు వెనక చేరేది. నాకేమో షుగర్ మొదలైంది, ఒళ్లు కదపకపోతే లాభం లేదని డాక్టరు గట్టిగా చెప్పాడు. "ఇద్దరు పోండ్రి. ఒకరి భయం పోతది, ఒకరి బొజ్జ పోతది" అని మా ఆవిడ తీర్మానించింది. అమ్మాయి వెంటనే చేరింది, నేను ఆఫీసు పని సాకు చెప్పి నాలుగు నెలలు తప్పించుకుని ఆ తర్వాత చేరాను. అదే నేను చేసిన పొరపాటు. అక్కడ వయసును బట్టి కాదు, బెల్టును బట్టి నిలబడాలి. నేను చేరేసరికి మా అమ్మాయి పసుపు బెల్టుతో ముందు వరసలో ఉంది. నేను తెల్ల బెల్టుతో, రెండో తరగతి పిల్లల వెనక, చిట్టచివర. సీనియర్లకు తల వంచి నమస్కరించాలన్నది నియమం కాబట్టి రోజూ కూతురికి తల వంచేవాణ్ని. ఆ నియమం ఇంట్లో కూడా నడుస్తుందని అది కొన్నాళ్లు అనుకుంది.

మొదటి నెలంతా మాకు పడటమే నేర్పాడు. పక్కకు పడటం, వెనక్కి పడటం, తల నేలకు తగలకుండా గడ్డం ఛాతీకి ఆనించి పడటం. యాభై ఏళ్ల మనిషిని, నేను చాప మీద దొర్లుతుంటే పిల్లలు పడీ పడీ నవ్వారు, ఆయన మాత్రం నవ్వలేదు. "గుద్దుడు తర్వాత సార్. ముందుగాల పడుడు నేర్చుకోవాలె. పడుడు వచ్చినోనికి సగం ఫికర్ ఉండది" అన్నాడు. అన్యాయంగా మాట్లాడకూడదు, ఫ్లెక్సీ అబద్ధం చెప్పలేదు. ఏడాది తిరిగేలోపు నా షుగర్ అదుపులోకి వచ్చింది, ఆఫీసు మెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలిగాను, పై అధికారి అరుస్తుంటే ఊపిరి లెక్కపెట్టుకుని ఊరుకోవడం అలవాటైంది. మా అమ్మాయి ఒకరోజు తనంతట తానే కిరాణా కొట్టుకు వెళ్లి, ఇచ్చిన పెరుగు ప్యాకెట్టు పాతదని లొల్లి పెట్టి మార్పించుకుని వచ్చింది. ఆ రోజు మా ఆవిడ పాయసం చేసింది. అందులో నాకు రెండు చెంచాలే దక్కాయి.

ఆ క్లాసులో ఒక పద్ధతి ఉండేది. బెల్టు ఇంటి దగ్గర కట్టుకుని రాకూడదు. హాల్లోకి వచ్చాక అందరం గోడ వైపు తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని కట్టుకోవాలి. ఎవరి బెల్టు వాళ్లే కట్టుకోవాలి, కన్నతల్లి అయినా చెయ్యి వేయకూడదు. పోటీ మధ్యలో ఎవరి బెల్టయినా వదులైతే అతను గోడ వైపు తిరిగి సర్దుకుంటాడు, ఎదుటివాడు కూడా వీపు తిప్పి కూర్చుంటాడు. "మనిషి తనను తాను సర్దుకునేటప్పుడు చూడొద్దు. చూసుడంటే ఇజ్జత్ తీసుడే" అనేవాడు మాస్టర్. అందరిదీ అయ్యాక చివర ఆయన తన నల్ల బెల్టు కట్టుకునేవాడు, అప్పటిదాకా మేమంతా గోడనే చూస్తూ ఉండాలి. ముడి బిగిశాక ఒక్క చప్పట్టు కొడతాడు, అప్పుడు ఇటు తిరగాలి. సున్నం వేసిన గోడలో చూడ్డానికి ఏముంటుంది? నేను మనసులో అంకెలు లెక్కపెట్టుకునేవాణ్ని. నేను చేరిన కొత్తలో ఆ చప్పట్టు ఆరుకో ఏడుకో వినపడేది.

మరుసటి ఏడాదికి అది ఇరవైకి వచ్చింది. తర్వాత నలభైకి. వయసు మీద పడుతోంది కాబోలు అనుకున్నాను. ఆ రోజుల్లోనే మా అమ్మాయికి ఈ డబ్బా కొని, పేరు మాస్టర్ చేత్తోనే కొట్టించాలని ఇద్దరం బేగంబజార్ వెళ్లాం. ఆయన డబ్బా ఒళ్లో పెట్టుకుని మిషన్ ఆన్ చేశాడు. మొదటి అక్షరానికే చెయ్యి వణికింది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని కొట్టాడు, అయినా గీత ఆయన మాట వినలేదు. చివరిదాకా తల ఎత్తలేదు. "ఈ మధ్యల మిషన్ మస్తు ఊగుతున్నది సార్" అన్నాడు. "పాతదైంది మాస్టర్, మార్చాలె" అన్నాను. మా అమ్మాయి డబ్బా అందుకుని, ఆ అక్షరాల మీద వేలు పెట్టి చదువుకుని, మంచిగుంది అంది.

నెల తర్వాత ఒకరోజు క్లాసు అయ్యాక బడి మెట్ల మీద కూర్చుని ఆయనే చెప్పాడు. "వణుకుడు జబ్బట సార్. మందులతోని మెల్లగ చేస్తరంట, ఆపుడైతే కాదంట." దుకాణం సేటు మంచివాడే, పొమ్మనలేదు. పేర్లు వేరే మనిషితో కొట్టిస్తూ ఈయన్ని ఆ స్టూలు మీదే ఊరికే కూర్చోబెట్టాడు. పొమ్మన్నా బాగుండేదని మాస్టర్ అన్నాడు. "ఇగ నాకు పొద్దుగాల గీ క్లాసొక్కటే మిగిలింది. బెల్టు కట్టుకోనొచ్చినన్ని దినాలు నేర్పుత. కట్టుకోరాని నాడు రాను." నేను ఏదో ధైర్యం చెప్పబోయాను. ఏ మాట ఎత్తుకున్నా ఫ్లెక్సీ మీది మాటలాగే అనిపించి నోరు మూసుకున్నాను.

తర్వాత నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఒక చలికాలం పొద్దున, అంకె నూట యాభై దాటింది. వెనక బెల్టు నేల మీద పడిన చప్పుడు విన్నాను. కాసేపటికి మళ్లీ విన్నాను. ఇక ఉండలేక లేచి, తిరిగి, ఆయన దగ్గరికి వెళ్లి, బెల్టు తీసి నేనే కట్టేశాను. స్నానం చేయించిన పిల్లవాడు బట్టలు తొడుగుతుంటే నిలబడినట్టు, ఆయన చేతులు వేలాడేసి నిలబడ్డాడు. ముడి బాగా బిగించాననీ, మంచి పని చేశాననీ కూడా అనుకున్నాను. ఆ రోజు చప్పట్టు వినపడలేదు. మరుసటి రోజు మాస్టర్ రాలేదు. వరసగా పది రోజులు రాలేదు.

"నువ్వెందుకు తిరిగినవ్ డాడీ?" అని మా అమ్మాయి అడిగింది. సాయం చేశానన్నాను. "ఆయన అడిగిండా?" అంది. పదకొండో రోజు కార్వాన్ వెళ్లాను. ఆయన మంచం మీద కూర్చుని మా ఆఫీసు గురించి, వానల గురించి, పెరిగిన ట్రాఫిక్ గురించి అన్నీ మాట్లాడాడు, క్లాసు మాట తప్ప. క్షమించమని అడగాలని వెళ్లినవాణ్ని, నేనూ వానల గురించే మాట్లాడాను. లేచి వస్తూ, "పిల్లలు రోజు గోడ దిక్కు తిరిగి కూసుంటున్నరు మాస్టర్. చప్పట్టు కొట్టేటోళ్లు లేరు" అన్నాను. అది నిజమే. మా అమ్మాయి రోజూ అందరినీ అలాగే కూర్చోబెడుతోంది. మర్నాడు ఆయన వచ్చాడు. నేను నా చివరి చోటులో గోడ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆ వేసవిలో బెల్టు పరీక్షలు జరిగాయి. కొత్త బెల్టును మాస్టర్ తన చేత్తో నడుముకు కట్టడం ఆనవాయితీ, ఆ ఒక్కసారికే ఇతరుల చెయ్యి పడుతుంది. ఆ సారి నెగ్గింది మా అమ్మాయి ఒక్కతే, ఆకుపచ్చ బెల్టుకు. తల్లిదండ్రులందరూ కుర్చీల్లో కూర్చుని ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. మాస్టర్ బెల్టు దాని నడుము చుట్టూ తిప్పగలిగాడు కానీ ముడి దగ్గర వేళ్లు ఆగిపోయాయి. రెండు కొసలూ గాలిలో కొట్టుకుంటున్నాయి. బెల్టు కిందపడింది. వంగి తీశాడు, మళ్లీ పడింది. హాల్లో ఒక్కరూ ఫోను దించలేదు. ఏం చేయకూడదో నాకు అప్పటికి తెలుసు. ఏం చేయాలో మాత్రం తెలియదు. నా కూతురి ముందు, నా గురువు ముందు, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను, అంతే.

అప్పుడు మా అమ్మాయి, కిరాణా కొట్టు గల్లా దాకా కూడా వినపడని గొంతు ఉండిన మా అమ్మాయి, హాలంతా వినపడేలా "క్లాస్, పీఛే ముడ్" అంది. పిల్లలు ఒక్కసారిగా గోడ వైపు తిరిగి మోకాళ్ల మీద కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. దాని నడుముకే బెల్టు కట్టాలి కాబట్టి అది తిరగలేదు, కళ్లు మూసుకుని నిలబడింది. కాసేపటికి వెనక కుర్చీలు జరిగిన చప్పుడైంది. మొదట మా ఆవిడ ఫోను ఒళ్లో పెట్టుకుని కుర్చీ తిప్పుకుందట, ఆమెను చూసి పక్కావిడ, తర్వాత ఒక్కొక్కరే. గోడ వైపు తిరిగిన అంతమంది మధ్య ఆయన ఊపిరి వినపడుతోంది, గుడ్డ రాసుకున్న చప్పుడు వినపడుతోంది, బెల్టు ఇంకోసారి పడటం కూడా వినపడింది. నేను మూడు వందల దాకా లెక్కపెట్టాను. అప్పుడు ఒక్క చప్పట్టు వినపడింది. ఇటు తిరిగి చూస్తే ముడి ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. మా అమ్మాయి దాన్ని సరిచేసుకోలేదు, ఇంటికొచ్చి అన్నం కూడా ఆ ముడితోనే తింది.

కథ అక్కడ ఆగి ఉంటే బాగుండేది. దసరా దాటాక ఒక పొద్దున చప్పట్టు రాలేదు. నేను అంకెలు మరిచిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. చివరికి, "ఇయ్యాల కాదు బిడ్డా" అన్న మాట వినపడింది, మా అమ్మాయితోనో, అందరితోనో. తర్వాత మెట్లు దిగుతున్న అడుగులు, కింద ఆటో స్టార్టయిన చప్పుడు. ఒక్కరూ తిరగలేదు. నేనూ తిరగలేదు. ఒకసారి తిరిగి తప్పు చేశాను, ఈసారి తిరక్కపోవడం ఒప్పో కాదో ఇప్పటికీ తెలియదు. క్లాసు ఆగిపోయాక ఫ్లెక్సీ ఇంకో ఏడాది ఆ గేటుకే ఎండిపోయింది, లాభాలన్నీ వెలిసిపోయేదాకా.

మరదలు వెళ్లాక అమ్మాయికి ఫోన్ చేసి, డబ్బా కొత్తది కొనాలా అని అడిగాను. "గదే పంపు డాడీ" అంది. అదే పంపాం.

నేనిప్పుడు వీలైన ప్రతి ఆదివారం కార్వాన్ వెళ్తాను. మాస్టర్ కోడలు ఇద్దరికీ సగం సగం నింపిన టీ కప్పులు పెట్టి పోతుంది. ఆయన రెండు చేతులతో కప్పు పట్టుకోగానే నేను కిటికీ వైపు తిరుగుతాను. ఎప్పుడూ అనుకున్నది కాదు, అలా జరుగుతోంది. తాగడం అయ్యాక ఆయన ఒక్క చప్పట్టు కొడతాడు, రెండు అరచేతులు తాకీ తాకనట్టు. మొదట్లో అలవాటు కొద్దీ ఆ చప్పట్టు దాకా అంకెలు లెక్కపెట్టేవాణ్ని. ఈ మధ్య మానేశాను. ఆయనకు ఎంతసేపు పడితే అంతసేపు కిటికీ బయటే చూస్తుంటాను. ఆయనకు ఇవ్వడానికి నా దగ్గర మిగిలింది ఆ కాలమొక్కటే, అది ఎంత ఉందో మా ఇద్దరికీ తెలియదు.