పున్నమ్మ కొన్న జంట బండి

పెదకాకాని పున్నమ్మకు ఎవరో ఒకరిని ఆటపట్టించకపోతే పొద్దు గడవదు. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లే రోజుల్లో, పక్కామె ఒలిచిన కాయల్ని కాలి బొటనవేలితో మెల్లగా తన కుప్పలోకి లాక్కుని, ఇవ్వాళ నీకు చెయ్యి సాగడం లేదేమే అని జాలిపడేది. తూకం వేళకు మళ్లీ ఎవరివి వాళ్లకు పోసేసి, వాళ్లు తిట్టే తిట్లన్నీ నవ్వుతూ వినేది.

మోకాళ్లు మొరాయించాక పని మానేసి, గుంటూరులో టీచరుగా ఉన్న కూతురు ఆరాధన ఇంటికి చేరింది. కవల మనవలు పుట్టారు మరి: ఇమ్మానియేలు, సాలొమీ. అల్లుడు ఫిలిప్ మార్టూరులో గ్రానైట్ పాలిష్ పట్టే చోట సూపర్‌వైజరు. వారం వారం తల్లీకూతుళ్లు పిల్లల్ని వేసుకుని బస్సులో మార్టూరు వెళ్లి, ఆదివారం చర్చి అయ్యాక తిరిగొస్తారు. చంకకొకరు చొప్పున మోసీ మోసీ పున్నమ్మ నడుం పడిపోయింది. పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టి తోసుకెళ్లే బండి కొనాల్సిందేనని తేలింది.

ఆరాధన ఫోన్లో జనం రాసిన అభిప్రాయాలన్నీ చదివింది. అవి రాసినవాళ్లెవరూ చిలకలూరిపేట బస్సు ఎక్కిన మొహాల్లా లేరని పున్నమ్మకు అనుమానం. కొట్టుకే వెళ్లి చూద్దామంది. పిల్లల్ని పక్కింటివాళ్ల దగ్గర పడుకోబెట్టి ఇద్దరూ బయల్దేరారు.

బస్టాండుకు దగ్గర్లోనే కొట్టు. యజమాని అఫ్రోజ్ రెండు రకాలు చూపించాడు. ఒకదాంట్లో సీట్లు పక్కపక్కన, రెండోదాంట్లో ఒకదాని వెనక ఒకటి. ఆరాధన మొదటిదాని మీద చెయ్యి వేసింది. పున్నమ్మ తన సంచీలోంచి రెండు గుమ్మడికాయలు తీసింది. రెంటికీ పిల్లల టోపీలు, స్వెటర్లు తొడిగి ఉన్నాయి. ఆరాధన తలెత్తి ఫ్యాను వైపు చూస్తూ నిలబడింది.

"పిల్లల్నే తీసుకురావాల్సిందమ్మా," అన్నాడు అఫ్రోజ్.

"దొర్లిపడితే వాళ్లు ఏడుస్తారు బాబూ. వీళ్లు బుద్ధిమంతులు."

గుమ్మడికాయల్ని పక్కపక్కన కూర్చోబెట్టి రోడ్డెక్కింది. పది అడుగులు వేసిందో లేదో, బండి ఒక బైకుకూ బత్తాయిల తోపుడుబండికీ మధ్య ఇరుక్కుంది. వెనక హారన్లు మొదలయ్యాయి. దారిన పోయే పెద్దావిడొకరు ఆగి, కవలలా, ఎవరి పోలికమ్మా అని అడిగింది. అచ్చం మా ఆయన పోలికేనంది పున్నమ్మ. ఆవిడ ముచ్చటగా వంగి టోపీ పైకెత్తింది. కాయను చూసి, పున్నమ్మను చూసి, టోపీ మళ్లీ దించి వెళ్లిపోయింది.

రెండో బండి అదే సందులోంచి పాములా జారిపోయింది. ఇక బస్సు సంగతి తేల్చాలి. బస్టాండు దాకా వెనకే వచ్చిన అఫ్రోజ్ చేతికి గుమ్మడికాయలిచ్చి, ఆగి ఉన్న బస్సు దగ్గర బండి మడిచింది.

"మెడ కింద చెయ్యి పెట్టి పట్టుకో బాబూ," అంది.

అఫ్రోజ్ కంగారుగా చెయ్యి పెట్టాడు కూడా. పెట్టాక గాని తెలివి రాలేదు పాపం. మడిచిన బండితో బస్సెక్కిన పున్నమ్మను ఎక్కడికమ్మా అని కండక్టరు అడిగితే, ఎక్కడం దిగడం నేర్చుకుంటున్నామని చెప్పి దిగేసింది. రెండో బండే కొన్నారు.

శనివారం అసలు పిల్లల్ని ఎక్కించారు. బస్టాండు చేరకముందే వెనక కూర్చున్న సాలొమీ అన్న జుట్టు రెండు చేతులా పట్టుకుంది. వాణ్ని వెనక్కి మారిస్తే, చెల్లెలి వీపు తప్ప ఇంకేమీ కనబడక సీటును తన్నుతూ రాగం ఎత్తుకున్నాడు. ఆ రాగం బస్సులోనూ ఆగలేదు. చిలకలూరిపేట దాటేసరికి బస్సంతా వాణ్ని ఊరుకోబెట్టే పనిలో పడింది. ఆరాధన తల్లిని ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండుననిపించింది పున్నమ్మకు.

సోమవారం బండి తోసుకుంటూ కొట్టుకెళ్లింది.

"గుమ్మడికాయలకు చేతుల్లేవు బాబూ. ఆ సంగతి నాకు తట్టలేదు," అంది.

అఫ్రోజ్ నవ్వు బిగబట్టి లోపలికెళ్లి, గొడుగులా మడిచే రెండు చిన్న బండ్లు తెచ్చాడు. వాటి మధ్య కొక్కేలు బిగిస్తే పక్కపక్కన జంట బండి, విప్పితే దేనికది. ఇది ముందే చూపించలేదేమని పున్నమ్మ కయ్యానికి దిగింది.

"చూపించనిచ్చారా అమ్మా? పిల్లల్ని ఎత్తుకోమన్నారు గదా."

పున్నమ్మ కొట్టులోనే కూలబడి, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

పాతది ఇచ్చేసి తెచ్చుకున్న కొత్త బండి బాగా కుదిరింది. విశాలమైన రోడ్డు మీద అన్నాచెల్లెళ్లు ఒకరి బిస్కెట్టు ఒకరు లాక్కుంటూ పోతారు. సందు రాగానే పున్నమ్మ కొక్కేలు విప్పేస్తుంది. ఏడుస్తున్నవాళ్ల బండి కూతురికిచ్చి, నిద్రపోతున్నవాళ్లది తను తోసుకుపోతుంది. పిల్లలిద్దరూ మెలకువగా ఉన్నప్పుడు మాత్రం, వాళ్లలో ఎవరు ముందు ఏడుస్తారో చూద్దామని, ఎంత ఇరుకైన సందు మొదట్లోనైనా కొక్కేలు విప్పకుండా కాసేపు ఆగుతుంది. ఈ లెక్క ఆరాధనకు అంతుపట్టడానికి చాలా శనివారాలే పట్టింది.