రాజత్త చూడని కుట్టు

మొన్న కొంతం చౌక్ దగ్గరి దుకాణంలో కొత్త రెయిన్‌కోటు మడత విప్పగానే రబ్బరు వాసన గుప్పుమంది. దుకాణదారు రంగు చూడమంటున్నాడు. నేనేమో కోటును తిరగేసి, భుజం కుట్టు మీద లోపలివైపు అంటించిన పట్టీ ఎక్కడైనా లేచిందేమోనని గోటితో గీకి చూస్తున్నాను. ఈ అలవాటు రాజత్త వల్ల వచ్చింది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆమె చేసిన ఒక పొరపాటు వల్ల వచ్చింది.

రాజత్త మాకు చుట్టం కాదు. నీలం నగర్‌లో మా వెనక వీధిలో ఆమెకు సాంచాల షెడ్డు ఉండేది. మరాఠీ ఊళ్ళో స్థిరపడ్డ తెలుగు నేతవాళ్ళం మేం, మరమగ్గాలను సాంచాలంటాం. భర్త పోయాక షెడ్డు మూసేయమని సలహా చెప్పడానికి వచ్చిన పెద్దమనుషులకు చాయ్ పోసి సాగనంపి, మర్నాడే సాంచాలు నడిపించిన మనిషి. అమ్మ ఆమెను వదినె అనేది కాబట్టి నాకు అత్త అయింది. చదువు అవగానే నన్ను పనిలో పెట్టుకుంది. చాదర్లు, టవళ్ళ నమూనాలు స్కూటరు మీద పెట్టుకుని హోట్గి రోడ్ వైపు దుకాణాలు తిరిగి ఆర్డర్లు తేవాలి. ఆ పనంటే నాకు ప్రాణం. ఇంట్లో నోరు విప్పని నేను, వ్యాపారుల ముందు గలగలా మాట్లాడేదాన్ని. కానీ వానాకాలం మొదట్లోనే తడిసి ముద్దయి, జ్వరంతో మంచం పట్టాను. ఇంకోసారి తడిసి వస్తే స్కూటరు తాళం తీసేసుకుంటానని అమ్మ తేల్చి చెప్పింది. అమ్మది ఉత్తుత్తి బెదిరింపు కాదు.

నా పని పోకూడదని రాజత్తే నన్ను కోటు కొనడానికి తీసుకెళ్ళింది. నేత ఇంటి మనిషి కదా, ప్రతి కోటునూ వెలుతురుకు పట్టి చూసింది, బొటనవేలుతో నలిపింది, చివరికి బట్టకు నోరానించి బుగ్గలు పొంగేలా ఊదింది. దుకాణదారు వేరే కోటు తెచ్చి, లోపల కుట్ల మీద పట్టీ ఉందని మరాఠీలో ఏదో చెప్పబోతే, పలచటి బట్ట అంటగడుతున్నాడని ఆమెకు అనుమానం వచ్చింది.

"గీ నేత జూడు బిడ్డా, ఏక్‌దమ్ దట్టం. ఊదితె గాలి సుత పోతలేదు. ఇగ నీళ్ళకు తొవ్వేడిది?" అంది.

నేనూ తలూపాను, ఆ దట్టం కోటే కొన్నాం. మా ఇళ్ళలో చాదరు నేసి అంచు మడిచి కుడితే పని అయిపోయినట్టే. మంచి బట్టంటే మంచి నేత, అంతే. కుట్టు గురించి ఆలోచించే అవసరం మాకెవరికీ ఎన్నడూ రాలేదు.

తర్వాతి వాన నన్ను హోట్గి రోడ్ మీద పట్టుకుంది. బట్టలోంచి ఒక్క చుక్క దిగలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కుట్టు పొడవునా సూది చేసిన కన్నాల్లోంచి మాత్రం నీళ్ళు భుజాల మీదికి, వీపు మీదికి కారాయి. హ్యాండిల్ పట్టుకుంటే కోటు చేతులు పైకి లాక్కుపోయి మోచేతుల దాకా తడిశాను. ఇంటికి రాగానే అమ్మ చెయ్యి చాచింది. తాళం ఇచ్చేసి, తల తుడుచుకుంటూ ఏడ్చాను.

పొద్దున్నే రాజత్త వచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తప్పును దుకాణదారు మీదికి నెట్టేయవచ్చు. ఆమె అలా చేయలేదు.

"పొల్లది తప్పు గాదు వదినె, నాది. నేను నేత జూసిన, కుట్టు జూడలే."

అమ్మ మెత్తబడలేదు. ఇంకొక్కసారి నన్ను పంపమని, తానూ వెంట ఉంటానని రాజత్త బతిమాలి, తాళం అడిగి తీసుకుంది. నన్ను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళి, ఆ రోజు వద్దన్న పలచటి కోటే అడిగింది. చీర మీదే అది తొడుక్కుని, బయట ఆపిన నా స్కూటరు ఎక్కి, హ్యాండిల్‌కు చేతులు చాచి, భుజాల మీద చెంబుతో నీళ్ళు పోయమంది. దుకాణదారు జంకాడు. చుట్టూ జనం చేరారు. ఎప్పుడూ స్కూటరు నడపని మనిషి దాని మీద నీళ్ళు కారుతూ కూర్చుంటే నవ్వు ఆపుకోలేక చచ్చాను. దిగాక రవికె తడిమి చూసుకుని, అదే ఖాయం చేసింది.

మబ్బు పట్టిన ఒక సాయంత్రం వచ్చి నాకు ఆ కోటు తొడిగించింది. తాను గొడుగు కూడా లేకుండా వెనక కూర్చుంది. జోరు వానలో హోట్గి రోడ్ దాకా వెళ్ళి తిరిగొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది.

"ముట్టి జూడు వదినె," అంది రాజత్త, చలికి పళ్ళు టకటక కొట్టుకుంటుంటే.

అమ్మ నా మెడ దగ్గర చెయ్యి పెట్టి వీపు దాకా తడిమింది. పొడిగా ఉంది. నాకోసం దాచుకున్న తిట్లన్నీ అప్పుడు రాజత్తకు పడ్డాయి. పానం మీద తీపి లేదా అని కసురుతూనే ఆమెను లోపలికి లాక్కెళ్ళి, తల తుడవసాగింది. తుడుస్తూ తుడుస్తూ నావైపు చూడకుండానే, "రేపు ఏ దిక్కు పోతున్నవ్?" అని అడిగింది.

రాజత్త ఇప్పుడు లేదు. నా వ్యాపారం నేనే చూసుకుంటున్నాను, పొరపాట్లకూ కొదవ లేదు. సరుకు తేడా వచ్చిందంటే మనిషిని పంపను, నేనే కొన్నవాళ్ళ గుమ్మం ముందుకెళ్ళి తప్పు నాదని చెబుతాను. చెప్పే ముందు ప్రతిసారీ భయమేస్తుంది. తప్పు ఒప్పుకోవడం చిన్నతనమేమీ కాదని మాత్రం తెలుసు. తన తప్పు దిద్దడానికి తల నుంచి కాళ్ళ దాకా తడిసి మా గుమ్మంలో నిలబడ్డ రాజత్త, ఆ రోజు నా కంటికి ఎంత గొప్పగా కనిపించిందో నేను మరిచిపోలేదు.